పన్నెండో ప్రయాణికుడు

అందరూ అతన్ని రైట్‌రైట్ అనే పిలిచేవారు. ముప్ఫై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఉద్యోగం మానేశాక కూడా, ఇంట్లోంచి ఎవరైనా బయటికి వెళుతుంటే తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి మరీ సాగనంపేవాడు.

దారిలో బస్సు చెడిపోతే అతనికో పద్ధతి ఉండేది. జనాన్ని నీడకి చేర్చి, తలలు లెక్కపెట్టి, వెనక వచ్చే బస్సుల్ని ఆపి, ముందు చంటిపిల్లల తల్లుల్నీ, తర్వాత ముసలివాళ్ళనీ, ఆపైన మిగతావాళ్ళనీ ఎక్కించేవాడు. వాళ్ళ టికెట్ల వెనక సంతకం పెట్టి, "ఇవే చెల్లుతాయి, మళ్ళీ టికెట్లు కొట్టకు" అని ఆ కండక్టరుకి గట్టిగా చెప్పేవాడు. చివరి మనిషి కదిలేదాకా తను గుక్కెడు నీళ్ళు కూడా తాగేవాడు కాదు.

అరవై నాలుగో ఏట మొదటిసారి విమానం ఎక్కబోయాడు. అక్కకి గుండె ఆపరేషన్. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. రైల్లో వెళితే రెండు రోజులు పడుతుందని అక్క కూతురే విమానం టికెట్ కొని పంపింది.

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ రైట్‌రైటూ, బయల్దేరావా? నీ మొహం చూశాకే లోపలికి వెళతానని డాక్టరుతో చెప్పేశాను."

"ఏమన్నాడు?"

"నీకంటే మొండివాడు. ఆపరేషన్ నాలుగింటికంటే నాలుగింటికే అన్నాడు. దార్లో ఎవరితోనూ పోట్లాట పెట్టుకోకుండా రా."

తొమ్మిదింటి విమానం ఎనిమిదింబావుకి రద్దయింది. కౌంటర్ దగ్గర జనం గుమిగూడారు. "మీ డబ్బు మీకు వెనక్కి వచ్చేస్తుంది. ఇక్కడ సంతకం పెట్టండి" అంటూ యూనిఫాంలో ఉన్న అమ్మాయి కాగితాలు పంచుతోంది. కొందరు తిట్టుకుంటూ సంతకాలు పెట్టి వెళ్ళిపోతున్నారు. అతను కూడా పెన్ను తీశాడు. ఎందుకో మనసొప్పక ముందు మేనకోడలికి ఫోన్ చేశాడు. ఆ పిల్ల ఒక లాయరు ఆఫీసులో టైపిస్టు.

"మామయ్యా, పెన్ను జేబులో పెట్టెయ్!" అంది వింటూనే. "రద్దు చేసింది వాళ్ళు. డబ్బు కావాలో, వేరే విమానం కావాలో తేల్చుకోవాల్సింది నువ్వు. సంతకం పెట్టావో, డబ్బుతో సరిపెట్టుకున్నట్టే. ఇంకో కంపెనీ విమానంలోనైనా పంపమని అడుగు. అది నీ హక్కు."

"ఓస్, ఇది మా బస్సుల పద్ధతేగా!"

ఇక అతన్ని ఆపేవాళ్ళెవరు? "అయ్యా, సంతకాలు ఆపండి! మనల్ని చేర్చే బాధ్యత వీళ్ళదే!" అని కేకేశాడు. మందుల కంపెనీ బ్యాగు తగిలించుకున్న సేల్స్‌మన్ వెనక్కి తిరిగాడు.

"మీరు లాయరాండీ?"

"కాదు బాబూ, కండక్టర్ని."

"అయితే ఓ టికెట్ కొట్టండి!"

అంత చిరాకులోనూ జనం నవ్వారు. నవ్వాక అతని మాట విన్నారు. కౌంటర్ అమ్మాయి తన పై ఆఫీసరుతో పదినిమిషాలు ఫోన్లో మాట్లాడి, దిగొచ్చింది.

"పన్నెండింటికి వేరే కంపెనీ విమానం ఉందండీ. పదకొండు సీట్లిస్తామన్నారు. మిగతావాళ్ళకి రాత్రి విమానం."

అతను వరసలో నిలబడ్డవాళ్ళ మీద చూపుడువేలు ఆడించుకుంటూ పోయాడు. సరిగ్గా పదకొండు. అతని ప్రాణం లేచొచ్చింది. వెంటనే మేనకోడలికి ఫోన్ కొట్టాడు. "సీట్లు దొరికాయే! రెండింటికల్లా దిగుతా. అక్కకి చెప్పు."

పాత అలవాటు ప్రకారం చంటిపిల్ల తల్లిని ముందుకి పంపాడు. తర్వాత కర్ర పట్టుకున్న పెద్దాయన్ని. "మీరు రండి సార్" అని కౌంటర్ అమ్మాయి రెండుసార్లు పిలిచింది. "వాళ్ళని కానివ్వమ్మా, నాకేం తొందర" అన్నాడు. సేల్స్‌మన్ పదకొండోవాడు. సీటు చీటీ తీసుకుని, "రైట్ రైట్!" అని వెక్కిరించి వెళ్ళాడు.

అతను తన టికెట్ బల్ల మీద పెట్టాడు.

"అయిపోయాయండీ."

"అదేంటమ్మా, లెక్కపెట్టానుగా!"

"మిమ్మల్ని కలిపే లెక్కపెట్టారా?"

ముప్ఫై రెండేళ్ళలో ఏ రోజూ కండక్టరు ప్రయాణికుల లెక్కలోకి రాలేదు.

"వాళ్ళింకా లోపలికి వెళ్ళలేదు. ఎవర్నైనా అడిగి చూడండి సార్" అంది ఆ అమ్మాయి, జాలిగా.

నాలుగడుగులు వేశాడు. పదకొండుమందీ ఒకేచోట ఉన్నారు. పెద్దాయన అతన్ని చూసి చెయ్యి ఊపాడు. ఎక్కించినవాళ్ళని తను ఎన్నడూ దించలేదు. అక్క గుర్తొచ్చినా అడగలేకపోయాడు. తనూ చెయ్యి ఊపి వెనక్కి వచ్చేశాడు.

మేనకోడలికి ఫోన్ చేసి, "సీట్లు చాల్లేదే" అని ఒక్కముక్క చెప్పాడు.

రాత్రి అతను ఆసుపత్రికి చేరేసరికి అక్క లేదు. ఆపరేషన్ బల్ల మీదనే పోయిందన్నారు.

నెల తర్వాత మేనకోడలు విమాన కంపెనీ మీద ఫిర్యాదు రాయడానికి కూర్చుంది. అతను ఎదురుగా కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"వేరే విమానం అడిగినవాళ్ళు ఎంతమంది మామయ్యా?"

"పదకొండు."

"సీట్లెన్ని ఇచ్చారు?"

"పదకొండు."

ఆమె తలెత్తింది. అప్పుడు చెప్పాడు. వేలు ఆడించడం, ఫోన్, చెయ్యి ఊపడం, అన్నీ. తిడుతుందనుకున్నాడు. ఆమె పెన్ను మూత పెట్టింది, తీసింది.

"సీట్లు చాల్లేదన్న నీ ఫోన్ సంగతి అమ్మకి చెప్పలేదు మామయ్యా. నాలుగయింది, స్ట్రెచర్ ఎక్కించారు. 'వాడేడే?' అంది. దార్లో ఉన్నాడన్నాను. 'దార్లో ఎవర్నో ఎక్కిస్తుంటాడు వెధవ' అని నవ్వింది. నవ్వుతూనే లోపలికెళ్ళింది."

అతను మొహం తిప్పుకున్నాడు. భుజాలు కదలడం చూసి ఆమె లేచి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది. అతను ముట్టుకోలేదు.

"మరి ఏం రాయను?"

అతను ఇటు తిరిగాడు.

"పన్నెండుమందిమి అని రాయి."

ఆమె రాసింది. అప్పుడు గ్లాసు అందుకున్నాడు.