ఆంద్రీకి అందని గొంతు

2023 శీతాకాలం. కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక హియరింగ్ క్లినిక్‌లో పార్ట్‌టైమ్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. హైదరాబాదులో ఆడియాలజిస్టుగా, అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణురాలిగా పనిచేసి వచ్చినా, ఇక్కడి లైసెన్స్ లేక మళ్లీ కాలేజీలో చేరాను. అద్దెకున్న బేస్‌మెంట్‌లో ఆరుగురు అమ్మాయిలం. వర్క్ పర్మిట్ రూల్స్ మారుతున్నాయట అని రోజూ ఎవరో ఒకరు ఒక వార్త మోసుకొచ్చేవారు. పుస్తకం తెరిచినా మనసు నిలిచేది కాదు.

అప్పుడే ఆంద్రీ వచ్చాడు. ఉక్రెయిన్‌లో బస్సు డ్రైవరు, యుద్ధం వచ్చాక సైనికుడు. కందకంలో ఉండగా మోర్టార్ గుండ్లు పడి మట్టి వాళ్ల మీద కూలింది. పక్కనున్న ఇద్దరూ చనిపోయారు. అతని భుజంలో దిగిన ఇనుప ముక్కను డాక్టర్లు తీశారు. ఆ తర్వాత చెవుల్లో హోరు మొదలైనా, వాటి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సైన్యం నుంచి విడుదలై అతను ఇక్కడికి వచ్చాక, అంతకుముందే చేరిన భార్య ఒక్సానా, ఆరేళ్ల కూతురు దరీనా అతన్ని క్లినిక్‌కి వెంటబెట్టుకొచ్చారు.

పరీక్ష చేసే బూత్ బయటి చప్పుడు రాని చిన్న గది. మా ఆడియాలజిస్ట్ లిండా తలుపు మూయగానే అతను హెడ్‌ఫోన్లు లాగేసి బయటికొచ్చేశాడు. మొహమంతా చెమట.

"మట్టి కింద ఉన్నప్పుడూ ఇలాగే ఉందట. ఏ చప్పుడూ లేదట," అని ఒక్సానా అతని మాటలు ఇంగ్లీషులో చెప్పింది.

చివరికి నేను లోపల అతని పక్కన కూర్చున్నాను. తలుపు హ్యాండిల్ మీంచి అతను చెయ్యి తియ్యలేదు. ఆగుతూ ఆగుతూ పరీక్ష ముగిసింది. లారీ మోత లాంటి బరువైన శబ్దాలు బాగానే వినిపిస్తున్నాయి. సన్నటి శబ్దాలు దాదాపు పోయాయి. చిన్నపిల్లల మాటల్లో చాలా భాగం ఆ సన్నటి శబ్దాల్లోనే ఉంటుంది.

బయట బొమ్మలు గీసుకుంటున్న దరీనాను పలకరించాను. నాన్నతో ఏం ఆడతావని అడిగాను.

"నాన్నకి నామీద కోపం. పిలిస్తే పలకడు. అందుకే పిలవడం మానేశాను," అంది ఇంగ్లీషులో.

ఒక్సానాకు చెప్పాను. కూతురు తనతో ఆ మాట ఎప్పుడూ అనలేదని అక్కడే కూర్చుండిపోయింది.

వినికిడి యంత్రాలు అమర్చిన రోజు ఆంద్రీ వాటిని కాసేపు కూడా ఉంచుకోలేదు. కాగితం చప్పుడుకే ఉలిక్కిపడ్డాడు. అన్నీ మీదకొచ్చి పడుతున్నాయన్నాడు. యంత్రాలు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. తర్వాతి అపాయింట్‌మెంట్‌కి రాలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తి చూసేదాన్ని.

కొన్ని వారాలకు ముగ్గురూ వచ్చారు. కూతురి మాట ఒక్సానా అతనికి చెప్పిందట. హఠాత్తుగా వచ్చే పెద్ద చప్పుళ్లు తగ్గేలా లిండా సెట్టింగ్ మార్చింది. యంత్రాలు పెట్టుకుని, చేతులు బిగించి కూర్చున్నాడు. దరీనా తల్లి వెనక నుంచే ఏదో అడిగింది. అతను వంగి, నెమ్మదిగా జవాబిచ్చాడు. ఒక్సానా కిటికీ వైపు తిరిగింది. ఏమన్నారని నేను అడగలేదు. తనే చెప్పింది.

"కోపం పోయిందా అని అడిగింది. కోపం ఎప్పుడూ లేదమ్మా, నీ మాట నా దాకా రాలేదు, అన్నాడు."

చెవిలో హోరు అతనికి తగ్గలేదు. బయటికెళితే యంత్రాలు తీసేస్తాడు. ఇంట్లో, దరీనా బడి నుంచి వచ్చాక మాత్రం పెట్టుకుంటాడు. ఇప్పుడు నాకు లైసెన్స్ ఉంది. ఎవరొచ్చినా, పరీక్షకు ముందు ఒకటి అడుగుతాను: మీకు ఎవరి మాట వినపడాలి?