తాండూరు ఆశా అక్కలకు నేర్పిన పూట

వికారాబాద్‌లో నర్సుగా చేరిన కొన్నేళ్ళకు నాకో కొత్త పని అప్పగించారు. పసిపిల్లల గొంతులో ఏదైనా ఇరుక్కుంటే ఏం చేయాలో తాండూరులో ఆశా కార్యకర్తలకు నేర్పాలి. మాది మర్పల్లిలో కూలి పని చేసుకునే కుటుంబం. మా ఇంట్లో పదిమంది ముందు నిలబడి మాట్లాడినవాళ్ళు లేరు. సంతోషంతో పాటు భయమూ పట్టుకుంది.

తీరిక దొరికినప్పుడల్లా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని స్లైడ్లు చేశాను. గొంతు బొమ్మలు, ఊపిరితిత్తుల బొమ్మలు, పుస్తకంలో ఉన్న కారణాలు అన్నీ ఎక్కించాను. డ్యూటీ దిగాక మా వార్డు పెద్ద సిస్టర్‌ను కూర్చోబెట్టి చెప్పి చూపించాను. కాసేపు విని ఆమె చెయ్యెత్తి ఆపారు.

“గోడ దిక్కు సూస్కుంట చదువుతున్నవ్. నా దిక్కు సూడు బిడ్డా. గివన్నీ నీకు తెల్సని చెప్పనీకెనా, వాళ్ళకు నేర్పనీకెనా?”

మొహం చిన్నబోయింది. కానీ ఆ మాట వదల్లేదు. ఇంటికి వెళ్ళేసరికి ఆ అక్కల చేతులకు ఏం వచ్చి ఉండాలి? ఆ ప్రశ్నకు పనికిరాని స్లైడ్లన్నీ తీసేశాను. బజారుకు వెళ్ళి పసిపాపంత ప్లాస్టిక్ బొమ్మలు కొన్నాను.

తాండూరు హాల్లో అక్కలంతా వెనక కుర్చీల్లో సర్దుకున్నారు. మైకు పక్కన పెట్టి, కుర్చీలు గుండ్రంగా వేయించాను.

“పిల్లకు ఊపిరాడక నీలంగైతుంటే ఏం చేస్తరక్కా?”

“నీళ్ళు తాపిస్త,” అందొకామె.

“నోట్ల ఏలు పెట్టి తీస్త,” అందింకొకామె.

నీళ్ళు పోస్తే ఏమవుతుందో, కనబడని దాని కోసం వేలు పెడితే అది ఇంకా లోపలికి ఎలా పోతుందో చెప్పాను. బొమ్మను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి వంచి, అరచేతి అడుగు భాగంతో వీపు మీద, రెక్కల మధ్య గట్టిగా తట్టి చూపించాను. తర్వాత బొమ్మలు వాళ్ళ చేతికిచ్చాను.

కర్ణాటక సరిహద్దు ఊరి నుంచి వచ్చిన ఒకామె మాత్రం బొమ్మను ముట్టుకోలేదు. “నాకు తెలుగు సాఫ్ రాదు మేడం. మా తాన కన్నడమే.”

“కన్నడలనే చెప్పక్కా. చేసుకుంట చెప్పు.”

ఆమె లేచింది. మొదట మెల్లగా, తర్వాత హాలంతా వినిపించేలా చెప్పింది. అన్ని మాటలూ నాకు అర్థం కాలేదు, చేతులు మాత్రం ఎక్కడా తప్పలేదు. పక్కామె బొమ్మ తలను పైకెత్తి పట్టుకుంటే, తనే దాన్ని కిందికి వంచి సరిచేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

కొన్ని వారాలకు ఆ కన్నడ అక్కే ఫోన్ చేసింది. “మేడం, పక్కింటి పాప గొంతుల పల్లిగింజ ఇరికింది. మీరు చూపెట్టినట్టే చేసిన. బయటికొచ్చింది. పిల్ల మస్తు ఏడ్చింది!”

“దవాఖానకు తీస్కపోయిన్రా?”

“పోయినం. మంచిగుందన్నరు.”

వార్డులో ఉన్నానని కూడా మరిచి గట్టిగా నవ్వాను. వెంటనే పెద్ద సిస్టర్‌కు చెప్తే, నా భుజం తట్టి టీ తెప్పించారు.

ఇప్పుడు మోమిన్‌పేట్‌కూ, ఇంకా చాలా ఊళ్ళకూ నన్నే పిలుస్తున్నారు. మర్పల్లిలో చెప్పిన రోజు అమ్మ వచ్చి ముందు వరుసలో కూర్చుంది. నేను మాట్లాడుతుంటే పక్కామెతో, “మా బిడ్డనే,” అంది. నాకు వినబడింది. మాట ఆపలేదు గానీ, నా గొంతు కొంచెం పెరిగింది.