ఇంద్రేశం అవతలి చెరువులో నా మొదటి శిష్యుడి చేప

ఫ్లై ఫిషింగ్ నేర్పే స్థాయికి రావాలంటే ఏం చెయ్యాలి, ఎన్నాళ్ళు పడుతుంది అని ఈ మధ్య నలుగురైదుగురు మెయిల్ రాశారు. ఎర గుచ్చకుండా, ఈకలతో ఈగలాగా కట్టిన గాలాన్ని దూరంగా విసిరి, నిజం ఈగే వాలిందని చేపను నమ్మించి పట్టే విద్య ఇది. నేను నేర్చుకున్న తీరు చెబితే నవ్వుతారు. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా ఉన్నప్పుడు, మిషన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు ఒకాయన ఎనిమిది నెలలపాటు సాయంత్రాలు నాకు నేర్పాడు. నీళ్ళలో కాదు, క్యాంటీన్ వెనక గడ్డిలో. గాలం బదులు ఎర్ర ఉన్ని ముడి, చేప బదులు సైకిల్ టైరు. వెళ్ళిపోతూ తన గాలపు కర్ర నాకే ఇచ్చాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు నేను టైర్లలోకే విసిరాను. ముప్పై అడుగుల దూరంలో టైరు నడిమధ్య ఉన్ని వాలితే క్యాంటీన్ వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. నేనూ ఏదో పొడిచేశాననే అనుకున్నాను.

ఫ్యాక్టరీ మూతపడింది. నలభై దాటిన ఫిట్టరు ఎవరికి కావాలి? ఏడాదిన్నర తిరిగాను. చివరికి హిమాచల్‌లో ఒక వాగు పక్కన చేపల క్యాంపు నడిపే ఆయన గురించి తెలిసి, రెండు రైళ్ళూ ఒక బస్సూ మారి వెళ్ళి, ఆయన ముందు విసిరి చూపించాను. ఆయన మెచ్చుకున్నాడు. మెచ్చుకుని ఒక మెలిక పెట్టాడు. "విసరడం వచ్చు, సరే. నేర్పడం వచ్చా? ఎప్పుడూ ఈ కర్ర ముట్టని మనిషితో ఒక చేప పట్టించి, ఫొటో తీసి పంపు. ఫిబ్రవరి ఆఖరుకల్లా పంపితే మార్చిలో వచ్చి చేరు." అంతే, ఒక్క చేప. అది పడితే నాకు బతుకుతెరువు దొరుకుతుంది, లేకపోతే లేదు. ఇంట్లో మా ఆవిడకు కూడా అలాగే చెప్పాను.

శిష్యుడి కోసం ఎక్కువ వెతకలేదు. షిఫ్టు వదిలే వేళకు మా ఫ్యాక్టరీ గేటు దగ్గర తట్టలో చేపలు పెట్టుకుని అమ్మే యాదయ్య కాకా నాకు పాత పరిచయం. అరవై ఏళ్ళు, పుట్టినప్పటి నుంచీ వల తప్ప వేరే పనిముట్టు ఎరగడు. ఇంద్రేశం దాటాక ఒక చెరువులో వాళ్ళ సంఘం చేపపిల్లలు వదిలి పెంచుకుంటుంది. చెరువు పేరు రాయను. రాస్తే ఇక వాళ్ళ చేపలు ఎవరూ కొనరని కాకా భార్య నర్సమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. నాలుగు ఆదివారాలు కట్ట మీద పొడినేలలో నేర్పాను. వల విసిరే అలవాటుకు ఆయన నడుంతో సహా తిరిగిపోయేవాడు. మోచేతిని తువ్వాలతో డొక్కకు కట్టేశాను. "నన్ను గొడ్డును గట్టినట్టు గట్టినవేంది బిడ్డా!" అని పకపకా నవ్వాడు. నాలుగో వారానికి మాత్రం ఈగ దూదిపింజలాగా వాలింది. అంత బాగా నేనే విసరలేను.

ఐదో ఆదివారమే ఆఖరి అవకాశం. భరత్‌నగర్ నుంచి తెల్లవారుజామున ఐదింటికి 218 నంబరు బస్సు ఎక్కాను. టికెట్టు పన్నెండు రూపాయలు. ఆ వేళప్పుడు కూర్చోడానికి చోటు దొరుకుతుంది, కర్ర సంచి పొడవుగా ఉన్నా కండక్టరు గొణగడు. అంతకుముందు సాయంత్రం అకాలంగా వాన పడింది. చందానగర్ దాటేదాకా రోడ్డంతా తడి. ఐదూ ముప్పావుకి పటాన్‌చెరులో దిగి, బస్టాండు ఎదుట చాయ్ తాగి, షేర్ ఆటో ఎక్కాను. తలకు ఐదు రూపాయలు. డ్రైవరు అద్దంలోంచి నా సంచి చూసి, "ఏందన్నా గది, క్రికెట్ వికెట్లా?" అన్నాడు. చేపలు పట్టే కర్ర అని చెప్పాను. "గీ పక్క చేపలా? నేనైతే గా నీళ్ళతోని ఆటో గూడ కడగ," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నే ఈ అపశకునపు మాటలేంటని మొహం రోడ్డు వైపు తిప్పేసుకున్నాను.

ఆటో దిగాక ఇరవై నిమిషాల నడక. కొత్త లేఅవుట్ల తెల్లరాళ్ళ మధ్య నుంచి దారి. కట్ట ఎక్కేసరికి తూర్పు తెల్లబడింది. ఏదో ఫ్యాక్టరీ మందు వాసన వస్తోంది. అది ఆ ప్రాంతంలో రోజూ ఉండేదే, పట్టించుకోలేదు. అప్పుడు నీళ్ళు చూశాను. చెరువంతా వలయాలు! వందలు, కాదు, వేలు. ఒకటి విచ్చుకుంటుండగానే పక్కన ఇంకొకటి. పైకి లేచి ఈగల్ని అందుకునే చేపల గురించి ఇంజనీరు గడ్డిలో నిలబడి ఎన్నిసార్లు చెప్పాడో! నీటి మీద ఉంగరాల్లాంటివి కనిపిస్తే ఇక ఆలోచించకు, విసురు అనేవాడు. ఇన్నేళ్ళ తర్వాత నా కళ్ళతో చూస్తున్నాను. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది.

"కాకా, సూడు! లేస్తున్నయ్! జల్దీ కర్ర వట్టు!" అని అరిచాను. యాదయ్య కాకా నీళ్ళ అంచున నిలబడి ఉన్నాడు. నా వైపు తిరగలేదు. "గది తినుడు గాదు బిడ్డా," అన్నాడు నెమ్మదిగా. "గాలి అందుతలేదు వాటికి. మనోళ్ళను పిలవాలె, నీళ్ళు కొట్టాలె."

నేను విన్నానా? వినలేదు. "కాకా, నాకెర్కే! పుస్తకాలల్ల గూడ గిట్లనే ఉంటది. నేర్పెటోన్ని నేను, నేర్సుకునెటోనివి నువ్వు. జెర విసురు!" అన్నాను. ఈ మాట నా నోటితో నేనే అన్నాను. ఆయన కట్ట వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూశాడు. నాకు ఉద్యోగం లేదని ఆయనకు తెలుసు. ఇది ఆఖరి ఆదివారమనీ తెలుసు. కర్ర తీసుకున్నాడు.

పావుగంట విసిరాడు. ఒక్కటీ తప్పు పోలేదు. ఈగ వలయాల మధ్య వాలుతోంది, ఏ చేపా దాని వంక చూడటం లేదు. ఈగ మార్చాను, దారం సన్నం చేశాను, "ఇంకొంచెం ఎడమకు, ఇంకొంచెం ముందుకు" అని సైగలు చేశాను, పెద్ద గురువుగారిని! చివరికి ఒకసారి ఈగ సరిగ్గా ఒక బొచ్చె చేప వీపు మీద వాలింది. చేప కదల్లేదు. బెదరలేదు. అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని వంగి చూశాను. నోళ్ళు. నీటిపైకి చాచి, మూయకుండా తెరిచి పెట్టిన నోళ్ళు, నేను చూస్తున్నంత మేరా.

కాకా కర్ర కింద పడేసి కట్ట ఎక్కి, "ఓ నర్సమ్మా! అందర్ని కట్టెలు దీస్కొని రమ్మను! చేపలు నోర్లు దెరిసినయ్!" అని కేక పెట్టాడు. పదిహేను ఇరవై మంది పరిగెత్తుకొచ్చారు. నడుంలోతు నీళ్ళలో దిగి వెదురు కర్రలతో, తట్టలతో, ఉత్త చేతులతో నీళ్ళు కొట్టారు. అలా చిలికితే నీటిలోకి గాలి చేరి చేప తేరుకుంటుందట. నేనూ దిగాను. ఇంజనీరు ఇచ్చిన కర్రతో కొడితే రెండో దెబ్బకే ముక్కలైంది. దాన్ని అక్కడే వదిలేసి చేతులతో కొట్టాను. తొడల మీద చర్మం మంటెత్తింది. పది గంటలకు మొదటి చేపలు వెల్లకిలా తేలాయి, తర్వాత గాలి వీచిన వైపల్లా తెల్లగా కొట్టుకొచ్చాయి. ఇంకో పదిహేను రోజుల్లో వల వేయాల్సిన చేపలవి. నర్సమ్మ ఒడ్డున కూలబడి, "మల్లా ఏడాది దాక ఏం దినాలె మేము!" అని గుండెలు బాదుకుంది. నీళ్ళలో ఏం కలిపారు, ఎవరు కలిపారని కాకాను అడిగాను. "వాన వడ్డదంటే ఎవడో వదుల్తడు. వాననీళ్ళల్ల కలిసినంక ఎవడు వదిలిండో ఎవలకెర్క?" అన్నాడు. ఆ పావుగంట ముందే మొదలుపెట్టి ఉంటే ఎన్నో కొన్ని దక్కేవా అనీ అడిగాను. ఆయన నా కళ్ళలోకి చూడకుండా, "పావుగంటల ఏమైతది బిడ్డా," అన్నాడు.

తర్వాత ఆయన చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. నీళ్ళలోకి వంగి, ఇంకా డొక్కలాడుతున్న బొచ్చెనొకదాన్ని రెండు చేతులా ఎత్తాడు. విరిగిన కర్ర కొసకు వేలాడుతున్న నా ఈగను తీసి దాని పెదవికి గుచ్చాడు. "ఫొటో దియ్యి. మాదెట్లా పాయె. నీ పనన్న గానీ," అన్నాడు. వద్దనాల్సింది. నాకు తెలుసు వద్దనాలని. చచ్చినవి కనపడకుండా, ఇంకా వలయాలు లేస్తున్న వైపు ఆయన్ని నిలబెట్టి కెమెరా తీశాను.

తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం ఆటోలు తక్కువ. గంటసేపు నిలబడితే గానీ దొరకలేదు. సాయంత్రం నెట్ సెంటరు నుంచి ఫొటో పంపాను. ఎందుకు పంపానంటే అవసరం, ఇంకేం చెప్పను? మూడో రోజుకల్లా క్యాంపాయన జవాబు రాశాడు. "శభాష్! అతని వెనక నీళ్ళలో చేపలు ఎన్ని లేస్తున్నాయో చూశాను. నీళ్ళు చదవడం తెలిసినవాడివి. వచ్చెయ్." నాలాగే ఆయనా చదివాడు. నేను వెళ్ళాను. ఇప్పటికి రెండు సీజన్లుగా అక్కడ నేర్పుతున్నాను. ఆ ఫొటో క్యాంపు భోజనాల గదిలో ఫ్రేము కట్టి ఉంది. వచ్చిన ప్రతివాళ్ళూ దాని ముందు ఆగి, అబ్బ, ఏం చెరువండీ అంటారు. నేను తలవంచుకుని అన్నం తింటాను. కాకా ఇప్పుడు లేఅవుట్‌లో ప్లాట్లకు కాపలా ఉంటున్నాడు. నిరుడు వెళ్ళి చూశాను. వాగులో చేపలు ఎట్లున్నయని అడిగాడు. బాగున్నాయని చెప్పాను.

నేర్పాలనుకునేవాళ్ళకు ఒక్కటే చెప్పగలను. నీటి మీద వలయాలు కనిపించగానే కర్ర తియ్యకండి. మోకాళ్ళ మీద కూర్చుని నోళ్ళు చూడండి. అందుకుని మూసి కిందికి పోతే తింటున్నట్టు, విసరండి. తెరిచిన నోరు మూయకుండా పైనే ఉంటే ఆ చెరువు మనుషుల్ని వెంటనే కేకేసి పిలవండి. ఒడ్డున ఎవరైనా అప్పటికే ఆ మాట చెబుతుంటే మీరు నోరు మూసుకుని వినండి.