కారు నెత్తిన గంగాళం

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, మా అక్కను అత్తగారింటికి పంపిన రోజు సంగతి చెప్తా. విడవలూరు నుంచి కావలికి బాడుగ కారు మాట్లాడినాం. సారెలో పెట్టిన ఇత్తడి గంగాళం నలుగురికీ కనబడాలని, అమ్మ దాన్ని కారు నెత్తిన కట్టించింది.

డ్రైవరు తాడు లాగి చూసినాడు. "బరువు పైనుంటే మలుపులో కారు ఒరుగుతాదమ్మా. డిక్కీలో పెడదాం."

"డిక్కీలో పెడితే ఎవరు చూస్తారు నాయనా? వట్టి చేతులతో పంపినామంటారు."

"కారు బోల్తాపడితే అందరూ చూస్తార్లే అమ్మా."

అమ్మ నవ్వేసింది. గంగాళాన్ని డిక్కీ అడుగున గోనెపట్టాల మధ్య ఇరికించి, చాపలూ దిండ్లూ కారు పైన కట్టినారు. తీరా కావలిలో అక్క అత్తగారి వీధి మొదట్లోనే అమ్మ కారు ఆపించి, గంగాళం మా అన్న నెత్తికెత్తి ముందు నడిపించింది. వీధి వీధంతా గడపల్లోకొచ్చి చూసినారు.

మీ ఇంటి ఆడబిడ్డలూ అట్టా క్షేమంగా చేరాల, మీ ఇల్లు పచ్చగా ఉండాల.