బండి మీద తినే ముందు అడగాల్సిన మాట

ఉదయం ఏడున్నరకు భోకర్ స్టాండులో నాందేడ్ బస్సెక్కాను. ఆదివారం కదా, ఖాళీగా ఉంటుందనుకుంటే నిలబడడానికే చోటు లేదు. వారమంతా బోరు బండ్ల మరమ్మతు చేసి నడుం పట్టేసింది. వచ్చే నెల అదే పని మీద మళ్లీ దక్షిణాఫ్రికాకు వెళ్లాలి, ఆరు నెలలు. మెడలో తులసి మాల ఉన్నవాణ్ణి, మాంసం ముట్టను. పోయినసారి అక్కడ రోడ్డు పక్క బండి దగ్గర మన పూరీలా పొంగిన ఫెట్‌కుక్ కొని తిన్నాను. లోపల ఖీమా ఉంది. భాష రాక జరిగిందని ఇంట్లో చెప్పాను. ఇంకోసారి జరిగితే మాల తీసి ఇచ్చెయ్యమంది అమ్మ. అందుకే తినేముందు అక్కడి భాషలో అడగడం నేర్చుకోవడానికి నాందేడ్‌లో మామ దగ్గరికి బయల్దేరాను.

పక్కన నిలబడ్డ ముసలమ్మ ఎక్కడికని అడిగింది. చెప్పాను.

"తిండి కోసం భాష నేర్సుడేంది బిడ్డా? ఏలుతోని సూపెడితే ఇయ్యరా?"

"సూపెట్టే మోసపోయిన అవ్వా."

తొమ్మిదింటికి దిగి, షేర్ ఆటోలో రాజన్న మామ ఇల్లు చేరాను. ఆయన దక్షిణాఫ్రికా హోటళ్లలో పన్నెండేళ్లు వంట చేసి వచ్చాడు. చాయ్ ఇచ్చి, అక్కడి ఆఫ్రికాన్స్ భాషలో ఒకే మాట ముప్పైసార్లు అనిపించాడు: "ఇస్ దార్ ఫ్లేస్ ఇన్?" ఇందులో మాంసం ఉందా అని. దవడలు నొప్పి పుట్టాయి. నోరు ఊరికే మరాఠీలోకి జారిపోతోంది.

పన్నెండు దాటాక ఆయన బండివాడిలా నిలబడ్డాడు. నేను అడిగాను.

"నియ, దిస్ హుండర్" అన్నాడు నవ్వుతూ.

నియ అంటే లేదని తెలుసు. హమ్మయ్య అనుకుని చెయ్యి చాచాను.

"తిన్నవ్ పో! హుండరంటే కోడి."

"మాంసం లేదంటివి గద మామా?"

"ఆడ శానామంది కోడిని మాంసంల లెక్కవెట్టరు. ఆడు అబద్ధమాడలే. కోడి, చేప, గుడ్డు, ఒక్కొక్కటి పేరువెట్టి అడుగు. పూరా జవాబు ఇను."

మళ్లీ మొదటికి వచ్చాం. మధ్యలో అత్తమ్మ జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. మూడింటికి గానీ ఆయన నన్ను వదల్లేదు.

నాలుగు గంటల బస్సులో సీటు దొరికింది. కళ్లు మూతలు పడుతున్నా నిద్ర రాలేదు. నిజం చెప్పాలంటే, పోయినసారి ఆ ఫెట్‌కుక్ మొదటిసారి కొరికినప్పుడే అది ఖీమా అని తెలిసింది. అప్పటికి రెండు రోజులుగా సరైన తిండి లేదు. మొత్తం తిన్నాను, ఇంటికొచ్చి నేరం భాష మీద తోశాను. ఇప్పుడు అడగడమూ వచ్చింది, జవాబు వినడమూ వచ్చింది. ఈసారి ఆకలికి లొంగితే అమ్మకు చెప్పడానికి ఏ సాకూ లేదు.