టర్బో ఇంజన్‌కు అల్లం ముక్క

ఆ రోజుల్లో నాకు వచ్చిన ఇంగ్లిష్‌లో సగం ఇంజన్‌కు సంబంధించిందే. టార్క్, పికప్, టర్బో, గ్రౌండ్ క్లియరెన్స్... నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేవాణ్ణి. జహీరాబాద్‌లో ముంబై హైవే పక్కన కొత్తగా తెరిచిన కార్ల షోరూంలో సేల్స్ ఉద్యోగం. మెడలో టై. (దాని ముడి మా మేనేజర్ సారు వేసింది. విప్పితే మళ్లీ వేసుకోవడం రాదు కాబట్టి, ఇంటికెళ్లాక వదులు చేసి తల మీంచి తీసి మేకుకు తగిలించేవాణ్ణి.) మా ఇంట్లో బండి అంటే నాన్న పాత స్కూటర్ ఒక్కటే. కార్లో వెనక సీట్లో కూర్చుని నాలుగు కిలోమీటర్లు పోయిన అనుభవం కూడా లేదు. అయినా మేం అమ్మే ఆ చిన్న క్రాసోవర్ కారు మలుపులో ఎట్లా ఒదిగిపోతుందో, వెనక కూర్చున్నవాళ్లకు ఎంత హాయిగా ఉంటుందో, పుట్టిందే కార్లో అన్నట్టు వర్ణించేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్లాణ్ణి దగ్గరికి పిలిచి, ముందు కాసిని మంచినీళ్లు తాగరా అనాలనిపిస్తుంది. అంత మాట్లాడేవాణ్ణి గానీ, అప్పటికి ఒక్క కారూ అమ్మలేదు.

మాది ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు. కారు కొనడానికి వచ్చినవాళ్లు కూడా దాన్ని ట్రాక్టర్‌ను చూసినట్టే చూసేవాళ్లు. బానెట్ ఎత్తించి, టైరును కాలితో ఓసారి తన్ని, "ఎంత గుంజుతది?" అని అడిగేవాళ్లు. మొగుడంపల్లి నుంచి వచ్చిన అల్లం పటేల్ కూడా (ఎకరాలకెకరాలు అల్లం వేస్తాడు కనుక మేం చాటున పెట్టుకున్న పేరు) వస్తూనే టైరును తన్నాడు. నేను ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టాను. "పటేలా, ఇది టర్బో పెట్రోల్ ఇంజన్. సూడనీకి చిన్నగనే ఉంటది గని, హైవే మీద లారీని దాటాల్నంటే..." ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అవన్ని ఇడిసిపెట్టు తమ్మీ. మా అమ్మ కూసుంటే వాంతి జేస్కోకుంట ఉంటదా, గదొక్కటి చెప్పు."

మా ట్రైనింగులో ఎవరూ నేర్పని ప్రశ్న అది. సంగతేమిటంటే, వాళ్ల అమ్మకు హైదరాబాద్‌లో కంటి ఆపరేషన్ అయింది. డాక్టర్ రమ్మన్నప్పుడల్లా వెళ్లి చూపించుకోవాలి, లేకపోతే కన్ను దక్కదన్నాడు. కానీ అవ్వకు బస్సు పడదు, కారు పడదు. సదాశివపేట దాటకముందే కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేస్తుంది. పోయినసారి బస్సులోంచి సగం దారిలో దిగిపోయి, పొలం గట్టున కూర్చుని మళ్లీ ఎక్కనని మొండికేసిందట. అందుకని పటేల్ ఊళ్లో ఉన్న షోరూంలన్నీ తిరుగుతున్నాడు. ఏ బండిలో అమ్మ కడుపు నిలబడితే ఆ బండి కొంటాడు. అప్పటిదాకా నిలబడిన బండి లేదు. అవ్వ అప్పుడే లోపలికి వచ్చి, నల్ల కళ్లద్దాల వెనక నుంచి మా కారును అనుమానంగా చూస్తూ, "కన్ను పోతే పోనియ్ రా. ఇంకోటున్నది గద. నా పానం దియ్యకు" అంది. పటేల్ నవ్వలేదు. అంత పెద్దమనిషి కళ్లలో నీళ్లు తిరగడం చూసి నాకే ఎట్లానో అనిపించింది. "ఫికర్ చెయ్యకు అవ్వా, మా బండ్ల కూసుంటే ఉయ్యాల్ల కూసున్నట్టే ఉంటది" అని ఛాతీ విరిచి చెప్పాను.

టెస్ట్ డ్రైవ్‌లో మొదట మేమే నడిపి చూపించాలని రూలు. పటేల్ తాళంచెవి లాక్కున్నాడు. "ట్రాక్టర్ నడిపినోనికి గిదో లెక్కనా?" అన్నాడు. అవ్వ వెనక సీట్లో కూర్చుని, కొంగు ముడిలోంచి అల్లం ముక్క, సంచిలోంచి తువ్వాలు, నిమ్మకాయ తీసి ఒళ్లో సర్దుకుంది. ఓ ప్లాస్టిక్ కవరు నా చేతికిచ్చి, "నువ్వు నా పక్కకు కూసో కొడుకా, ఇది వట్టుకో. యాల్లకు నాకు దొరకది" అంది. అట్లా నేను టై కట్టుకుని, కవరు నోరు తెరిచి పట్టుకుని, వెనక సీటెక్కాను.

ట్రాక్టర్ నడిపేవాళ్లకు ఓ అలవాటుంటుంది. పెద్ద గేరులో పడేసి వదిలేస్తారు. ఎంత బరువున్నా ట్రాక్టర్ నెమ్మదిలోనే గుంజుకుంటూ పోతుంది. పటేల్ మా చిన్న ఇంజన్‌ను కూడా చిరాగ్‌పల్లి రోడ్డెక్కగానే అట్లాగే పెద్ద గేరులో వేశాడు. కారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. "గుంజుతలేదేంది తమ్మీ?" అని పెడల్ అదిమాడు. కారు వణుకుతూనే ఉంది. ఇంకా అదిమాడు. అప్పుడు నిద్ర లేచింది టర్బో. కారు ఒక్క దూకు దూకింది, పటేల్ బెదిరి బ్రేకు తొక్కాడు. మళ్లీ వణుకు, మళ్లీ దూకు, మళ్లీ బ్రేకు. "గిదే... గిదే పటేలా... టర్బో పికప్ అంటే" అని నేను ఊగుతూ వివరిస్తున్నాను. అది చాలక ఆయన చెరుకు తోటల మధ్య మట్టిబాటలోకి తిప్పాడు. స్టీరింగ్ దూదిలా తేలిక, ఆయనవి ట్రాక్టర్ తిప్పిన చేతులు. అడిగిన దానికన్నా ఎక్కువే తిరుగుతోంది బండి. ఎత్తుగా ఉండే బండి కదా, గుంతలో కుడికి ఒరిగి, గట్టున ఎడమకు ఒరిగి... నేను అవ్వ ముఖంలోకే చూస్తూ, కవరు ఆమె గడ్డం కింద పెట్టి కూర్చున్నాను. ఆమె కడుపు తిరిగితే అన్నీ పోయినట్టే. ఉన్నట్టుండి నోట్లో నీళ్లూరాయి. అవ్వ నోట్లో కాదు, నా నోట్లో. కవరు నా చేతిలోనే ఉండటమొక్కటే ఆ పూట నాకు జరిగిన మేలు. (టై కొస కూడా అందులోకే పోయింది.)

"ఓరి ఆపురా! పోరడు పోతుండు! బండి నడుపుతున్నవా, దుక్కి దున్నుతున్నవా?" అని అవ్వ ఒక్క అరుపు అరిచింది. నా నుదురు పట్టుకుంది, వీపు రాసింది, నీళ్లు పుక్కిలించమంది. అల్లం ముక్కను గోటితో గీకి నోట్లో పెట్టి, "నమిలి రసం మింగు బిడ్డా, గిప్పుడే తగ్గుతది" అంది. తిరుగుదారి పొడుగునా నా తల ఆమె భుజం మీదే ఉంది. "పటేలా... జర చిన్న గేర్ల నడుపుండ్రి..." అని నేను మూలుగుతుంటే, ఆయన బుద్ధిగా విన్నాడు. బండి కూడా ఏ పేచీ పెట్టకుండా మెత్తగా పోయింది. షోరూం ముందు ఆగాక పటేల్ వెనక్కి తిరిగి, నోరు తెరుచుకుని చూశాడు. "అమ్మా! నీకేం గాలేదే!" అవ్వ తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుంది. "నాకేడ తీరింది రా? ఈ పోరణ్ణి సూసుడే సరిపాయె."

మేనేజర్ సారు పరుగున వచ్చి నా అవతారం చూసి తెల్లబోయాడు. "బండి మంచిదే సార్. పిలగాడే జర నాజూకు" అన్నాడు పటేల్. అట్లా అమ్ముడుపోయింది నా మొదటి కారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన రోజు పొద్దున్నే ఫోనొచ్చింది. "తమ్మీ, నువ్వొస్తెనే కూసుంటనంటుంది అమ్మ. జర రా." సారు నవ్వాపుకుంటూ సెలవిచ్చాడు. పటేల్ అప్పటికి గేర్ల మర్మం పట్టేశాడు. హైవే మీద నల్లేరు మీద బండి నడకే, ఊపు లేదు, ఒరుగు లేదు. నాకు ఒంట్లో భేషుగ్గా ఉంది, ఆకలి కూడా అవుతోంది. సదాశివపేట దగ్గర పడేసరికి అవ్వ మాట్లాడటం మానేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక్కడ దిగిందంటే ఆ కన్ను ఇక అంతే. ఏం చెయ్యాలో తోచక, గబుక్కున కడుపు పట్టుకుని, "అవ్వా... నాకెట్లనో అయితుంది" అన్నాను.

"అయ్యో కొడుకా!" కొంగు తీసేసింది. అల్లం వచ్చింది, తువ్వాలు వచ్చింది, చెయ్యి వీపు మీదికి వచ్చింది. ఇక సంగారెడ్డి దగ్గర మూలిగాను, పటాన్‌చెరు ట్రాఫిక్‌లో కళ్లు తేలేశాను. నమిలిన అల్లానికి నాలుక మండిపోతున్నా, ఆహా ఎంత బాగా నటిస్తున్నానని లోలోపల మురిసిపోయాను, పిచ్చివాణ్ణి. దవాఖాన గేటు ముందు కారు ఆగింది. నేనింకా తల వేలాడేసుకునే ఉన్నాను. అవ్వ కొంగు సర్దుకుని, తలుపు తీసుకుని, నా వీపు మీద చిన్నగా ఒక దెబ్బ వేసింది.

"ఇగ చాల్తియ్ కొడుకా. దవాఖాన వచ్చింది."

కన్ను దక్కింది. ఇప్పుడు నేనే ఆ షోరూంలో కొత్త పిల్లలకు టై ముడి వేస్తున్నాను. వాళ్లు టార్క్ గురించి గడగడా చెబుతుంటే వింటాను. అన్నీ అయ్యాక, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో అడగండ్రా అంటాను. సారుకు చాదస్తం అని వాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నా జేబులో అల్లం ముక్క ఉందని వాళ్లకు తెలియదు.