ఈ పొద్దు మీ ఎద్దులేం తిన్నాయి?

మా వదిన పోయిన సోమవారం అనంతపురం ఆసుపత్రిలో పోయింది. కామెర్లు ముదిరాక గానీ మంచం పట్టలేదు. పామిడి బస్టాండు పక్కన ఆమె నడిపిన ఇంటర్నెట్ సెంటరుకు ఊళ్ల నుంచి ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. వాళ్లకు నోటితో చెప్పలేక ఇది రాస్తున్నాను.

సెంటరు పెట్టిన కొత్తలో అక్కడ రెండు కంప్యూటర్లు, ఒక ఫోను ఉండేవి. నెట్టు కలిపితే ఫోను మోగదు, ఫోను కోసం ఆపితే నెట్టు ఉండదు. వరసగా వానలు తప్పి పశువులు సంతకు పోతున్న రోజులవి. వదిన ఆ సెంటరులోనే కూర్చుని ఒక వెబ్ పేజీ తయారుచేసింది. ఏ ఊళ్లో ఎవరి గడ్డివామిలో ఇవ్వడానికి మేత ఉందో చెప్పే పేజీ. తెలుగు అక్షరాలు తెరమీద గళ్లుగళ్లుగా పడుతుంటే, తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. శింగనమలలో, కొత్తచెరువులో నెట్ సెంటర్లవాళ్లు పొద్దున్నే అది తెరిచి రైతులకు చదివి చెప్పేవాళ్లు.

మొదట్లోనే దెబ్బ తగిలింది. గడ్డి ఉందని చెప్పడానికి చాలామంది ఫోన్ చేశారు. అయిపోయిందని చెప్పడానికి ఒక్కరూ చేయలేదు. పశువులున్న ఇంట్లో గడ్డి అయిపోయిందని మా వైపు నోటితో అనరు. అలా అంటే కొట్టం కూడా ఖాళీ అవుతుందని భయం. వదినకు ఇది తెలియంది కాదు. పేజీ చేసేటప్పుడు తట్టలేదు, అంతే.

శింగనమల నుంచి ఒక పెద్దాయన ఆ పేజీని నమ్మి జత ఎద్దులను పామిడి పక్క ఊరికి నడిపించుకుంటూ వచ్చాడు. వామి ఉండాల్సిన చోట దుమ్ము ఉంది. ఒక ఎద్దు అక్కడే కూలబడింది. ఆయన సెంటరు గడప బయటే నిలబడ్డాడు.

"నీ పెట్టెలో గడ్డి యాడుండాదో చూపించమ్మా. నా ఎద్దు లేయలేక పడుండాది."

వదిన లేచి నిలబడింది. "తప్పయిపోయింది నాయనా."

"ఆ మాట పెడితే తింటాదా అది?"

పడిన ఎద్దు మళ్లీ లేవలేదు. రెండోదాన్ని పామిడిలోనే అమ్ముకుని, ఒట్టి పలుపులతో బస్సెక్కాడు.

ఆ తర్వాత వదిన పేజీని మార్చింది. ఎక్కించిన ఊరి పేరు రెండు రోజులకు దానంతటదే చెరిగిపోతుంది. ఉంచాలంటే ఆమె మళ్లీ విచారించి ఎక్కించాల్సిందే. ఫోన్లో గడ్డి ఉందా అని అడగడం కూడా మానేసింది.

"ఏమప్పా, ఈ పొద్దు మీ ఎద్దులేం తిన్నాయి?" అనేది.

చొప్ప అంటే ఉన్నట్టు. వేపాకు అంటే ఆ ఊరి పేరు తీసేసేది. అనరాని మాట ఎవరూ అనక్కర లేకపోయింది. "ఉండేది ఎవురైనా రాస్తారు. లేనిది తీసేయల్ల," అనేది మాతో.

ఎండలు ముదిరేసరికి పేజీలో నాలుగైదు ఊళ్లే మిగిలాయి. ఒకరోజు అందులో మా ఊరి పేరు కనిపించింది. అప్పటికి ఊళ్లో వామి మిగిలింది మా ఇంట్లోనే. అన్న మండిపడ్డాడు.

"మన వామి గూడా ఎక్కించినావా? మన ఎద్దులకేం పెడతావు, నీ కంప్యూటర్ వైర్లా?"

"మనది దాచిపెట్టుకోని ఊర్లోళ్లని ఏ మొగంతో అడగల్ల?"

"ఆ మొగం సంతలో చూసుకుందువులే."

విషయం సంత దాకా పోనే పోయింది. వారం తిరక్కుండా వామి కరిగిపోయింది. మా ఊరి పేరు దానంతటదే చెరిగేదాకా ఆగకుండా వదినే తీసేసింది. మా ఎద్దులను సంతకు తోలుకుపోతుంటే ఇంట్లోంచి బయటికి రాలేదు. అన్న ఆ వానాకాలం దాకా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. మా గడ్డి ఎవరి ఎద్దులను నిలబెట్టిందో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఈ ఏడూ వాన లేదు. వదిన ఆసుపత్రిలో ఉండగా మళ్లీ ఎక్కించేవాళ్లు లేక ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. నిన్న సెంటరు తెరిచి పేజీ చూశాను. పైన పేజీ పేరు, కింద తెల్లటి తెర.

అప్పుడే ఫోను మోగింది. ఎవరో ముసలాయన.

"అమ్మ లేదాప్పా?"

పోయిందనడానికి నోరు రాలేదు.

"ఈ పొద్దు మీ ఎద్దులేం తిన్నాయన్నా?" అన్నాను.

"వేపాకేనప్పా," అన్నాడు. ఆయన వెనక ఎక్కడో ఒక ఎద్దు మెడగంట మోగుతూ ఉండింది. కాసేపటికి అది ఆగింది.